నాన్నగారికి డయాలసిస్ మొదలైంది, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగిన అమ్మాయికి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, సఖినేటిపల్లి దగ్గర కొబ్బరి తోట, చాలాకాలంగా షుగరు. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 9 దాటి, ఆయాసం వచ్చి, హడావుడిగా మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఇప్పుడు సోమవారం, గురువారం పంటు దాటి నరసాపురం మీదుగా భీమవరం వెళ్లి చేయించుకుంటున్నారు. డయాలసిస్ సూదులకు వీలుగా చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషను చేయించుకోమంటే చెయ్యి పాడైపోతుందని వద్దంటున్నారు. ఊళ్లో ఒకరు బొండాం నీళ్లు తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయంటున్నారు, ఇంకొకరు డయాలసిస్ మొదలెడితే ఇక అంతే అంటున్నారు. మీరేమో హైదరాబాదులో ఉద్యోగం వదిలి రాలేక, ఇక్కడ అమ్మగారు ఒక్కరే పడుతుంటే చూడలేక బాధపడుతున్నారు.

నేను గోదావరి జిల్లాల్లో డయాలసిస్ టెక్నీషియనుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. మందులూ మోతాదులూ మీ కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) చెప్పాల్సినవి, వాటి జోలికి వెళ్లను. మిషను పక్కన నిలబడి చూసినవి చెబుతాను.

ముందు ఆ ‘ఇక అంతే’ అన్న మాట సంగతి. ఆ మాట ఒకప్పుడు నిజమే. 1943లో నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే డాక్టరు మొదటి డయాలసిస్ యంత్రం తయారుచేసినా, ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోసి గొట్టం పెట్టాల్సి రావడంతో కొన్నిసార్లకు మించి చెయ్యడానికి వీలుండేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు, చేతికే ఉండిపోయే గొట్టం కనిపెట్టాక పరిస్థితి మారింది. ఆయన దగ్గర మొదట చేరిన క్లైడ్ షీల్డ్స్ అప్పటికి చావుకు దగ్గరగా ఉన్న మనిషి. ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. అది అరవై ఏళ్ల కిందటి మిషన్లతో. ఇవాళ మన జిల్లాల్లోనే పదేళ్లు దాటినవాళ్లు ఉన్నారు. మూడు నెలల్లో పోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఎక్కింది అదే మిషను. వయసు, గుండె, షుగరు వల్ల వచ్చే తేడా కొంత ఉంటుంది, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువ తేడా వచ్చేది ఆసుపత్రి బయటే.

లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మంచి కిడ్నీలు అన్ని గంటలూ పనిచేస్తాయి. మీ నాన్నగారికి మిషను పనిచేసేది నాలుగేసి గంటలు రెండుసార్లు, మొత్తం ఎనిమిది గంటలు. మిగిలిన 160 గంటలు ఒంట్లో చేరే నీరు, ఉప్పు, పొటాషియం బయటికి పోవడానికి దారి లేదు. అందుకే నేను ఎవరింటివాళ్లతో మాట్లాడినా మిషను గురించి తక్కువ, మధ్య రోజుల గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఆ మధ్య రోజుల్లో కూడా గురువారం నుంచి సోమవారం దాకా ఉన్న నాలుగు రోజులే అన్నిటికంటే ప్రమాదం. డయాలసిస్ పేషెంట్లకు హఠాత్తుగా గుండె ఆగడం, అర్ధరాత్రి ఆయాసం రావడం ఇలాంటి పెద్ద ఎడం చివర్లోనే ఎక్కువ. పెళ్లిళ్లు, తిరణాలు, చుట్టాల రాకపోకలు కూడా శని ఆదివారాల్లోనే కదా పడేది. కాబట్టి ఆ నాలుగు రోజులు అమ్మగారిని కాస్త గట్టిగా ఉండమనండి. వీలుంటే వారానికి మూడుసార్లకు మార్చమని డాక్టరుగారిని అడగండి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు అన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. మన దగ్గర ఖర్చు, దూరం, మిషన్ల కొరత వల్ల రెండుసార్లతో సరిపెడుతున్నారు. మూత్రం ఇంకా బాగా వస్తున్నవాళ్లకు కొన్నాళ్లు రెండుసార్లు చాలవచ్చు. అది తగ్గేకొద్దీ చాలదు. రోజుకు ఎంత మూత్రం వస్తోందో నెలకొకసారైనా 24 గంటలు పట్టి కొలవండి.

ఆ మిగిలిన మూత్రాన్ని కాపాడుకోవడం చాలా ముఖ్యం. ‘ఎలాగూ డయాలసిస్ మొదలైంది, ఇంకేం పాడవుతుంది’ అనుకుని ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షను చేయించుకుంటారు. మోకాళ్లకు పసరు మందు తాగుతారు. వాటితో ఆ ఉన్న మూత్రం కూడా పోవచ్చు. రోజుకు అరలీటరు మూత్రం వచ్చే మనిషికీ, చుక్క రాని మనిషికీ బతుకులో ఎంత తేడా ఉంటుందో నా కళ్లతో రోజూ చూస్తున్నాను. మొదటివాడు మజ్జిగన్నం తినగలడు. రెండోవాడు గుక్కెడు మజ్జిగకు కూడా లెక్క చూసుకోవాలి.

ఇక ఫిస్టులా. మీ నాన్నగారి విషయంలో అన్నిటికంటే తొందరపడాల్సింది ఇదే. మెడ గొట్టం తాత్కాలికం. అది తిన్నగా గుండె దగ్గరి పెద్ద సిరలోకి పోతుంది. బయట చర్మం దగ్గర చిన్న చీము పట్టినా నేరుగా రక్తంలోకి చేరుతుంది. మిషను ఎక్కించిన అరగంటకు మనిషి గడగడ వణుకుతూ జ్వరం వచ్చిందంటే మేము మొదట అనుమానించేది గొట్టాన్నే. దానిని తడవనివ్వకూడదు. కాలవ స్నానం, ఏటి స్నానం పూర్తిగా మానాలి. కార్తీక మాసంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగి, రెండు రోజులకు వణుకుతో వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. అప్పటికి మీ నాన్నగారు ఫిస్టులాతో ఉంటే, సూదులు పెట్టిన రోజు కాకుండా వేరే రోజు చూసుకుని డాక్టరును అడిగి స్నానానికి వెళ్లవచ్చు. గొట్టంతో అయితే నెత్తిన కూడా కాదు, పాదాల మీద నీళ్లు చల్లుకుని రావాల్సిందే.

చెయ్యి పాడవుతుందన్న భయం గురించి ఆయనకు ఇలా చెప్పండి, రైతు కాబట్టి అర్థమవుతుంది. చేతిలో ధమని అంటే పెద్ద కాలవ, సిర అంటే బోదె. పెద్ద కాలవకు గండి కొట్టి బోదెలోకి నీరు మళ్లిస్తే కొన్నాళ్లకు బోదె వెడల్పయి, గట్లు గట్టిపడతాయి. ఫిస్టులాలో జరిగేదీ అదే. మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరకు కలిపి కుడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సిర లావై, వారానికి రెండు మూడుసార్లు లావుపాటి సూదులు గుచ్చినా తట్టుకునేలా తయారవుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. అందుకే ఇవాళ చేయిస్తే రెండు నెలల తర్వాత గానీ పనికిరాదు. ఆ రెండు నెలలూ గొట్టంతోనే గడపాలి. వాయిదా వేసే ప్రతి వారం గొట్టంతో గడిపే ఇంకో వారం. చెయ్యి సన్నబడటం, వేళ్లు చల్లబడటం కొందరిలో జరుగుతుంది, అలా ఉంటే వెంటనే సర్జనుకు చూపించాలి. ఎక్కువమంది మాత్రం ఆ చేత్తో మామూలు పనులు చేసుకుంటారు, సైకిలు తొక్కుతారు.

మామూలుగా రాయని చేతికి చేస్తారు. కాబట్టి ఇప్పటి నుంచే ఎడమ చేతికి ఎక్కడా సూది పడనివ్వకండి. రక్తపరీక్షకు, సెలైనుకు, బీపీ చూడ్డానికి కుడిచెయ్యే ఇమ్మనండి. ఊళ్లో సెలైను పెట్టించుకుని పాడుచేసుకున్న సిరలను తర్వాత సర్జను కూడా బాగుచెయ్యలేడు. ఆపరేషను అయ్యాక పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు ఆ కుట్టు మీద వేళ్లు ఆనించి చూడాలి. లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది, చెవి ఆనిస్తే ఏటి హోరులా వినబడుతుంది. అమ్మగారికి కూడా చెయ్యి పట్టించి నేర్పించండి. అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టినట్టు. రేపు చూద్దాం అనుకోకూడదు, ఆ పూటే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆ చేతికి వాచీ, బిగుతు చొక్కా, దారం వద్దు. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు. ఆ భుజాన కొబ్బరి గెల ఎత్తుకోవద్దు. ఇంటి దగ్గర సూది పడిన చోట రక్తం కారితే తువ్వాలు చుట్టి కూర్చోకండి, తువ్వాలు తడుస్తూనే ఉంటుంది, రక్తం పోతూనే ఉంటుంది. శుభ్రమైన గుడ్డ చిన్నది మడిచి, సరిగ్గా ఆ రంధ్రం మీద రెండు వేళ్లతో నొక్కి, చెయ్యి పైకెత్తి, వదలకుండా పట్టుకోవాలి. ఆగకపోతే అలా నొక్కి పట్టుకునే ఆసుపత్రికి బయలుదేరాలి.

బొండాం గురించి మీరు ఒక వాక్యమే రాశారు గానీ నాకు దాని గురించి చాలా చెప్పాలని ఉంది. కోనసీమలో పుట్టి, సొంత తోట ఉండి, జ్వరం వచ్చినా విరేచనాలయినా బొండాం తాగి పెరిగిన మనిషికి అది విషమని ఎలా తోస్తుంది? మంచి కిడ్నీ ఉన్నవాడికి అది అమృతమే. కిడ్నీ పనిచెయ్యనివాడికి అందులోని పొటాషియం బయటికి పోలేక రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీస్తుంది. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో ఇంచుమించు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మన తోటల్లో ఒక మంచి బొండాంలో పెద్ద గ్లాసున్నర దాకా నీళ్లుంటాయి. డయాలసిస్ మనిషి రోజంతా తినే అన్నం, కూర, పాలు అన్నీ కలిపి 2,000 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉండాల్సిన చోట, ఒక్క బొండాంతోనే దాదాపు సగం అయిపోతుంది.

ఒక మే నెలలో కొబ్బరి దింపు జరుగుతుంటే తోటలో నిలబడి, ఎండకు తాళలేక రెండు బొండాలు తాగిన రైతును సాయంత్రం మా యూనిట్‌కి తీసుకొచ్చారు. కాళ్లు సచ్చుబడి ఆటోలోంచి దిగలేకపోయాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు, మాట స్పష్టంగానే ఉంది. ‘నీరసంగా ఉందండి, అంతే’ అన్నాడు. ఈసీజీ కాయితం మీద గీతలు వెడల్పుగా, మొనదేలి వచ్చాయి. రక్తంలో పొటాషియం 7 దాటింది. మామూలుగా 5 లోపు ఉండాలి, 6 దాటితేనే మేము కంగారుపడతాం. డాక్టరుగారు గుండెకు కాపుగా కాల్షియం ఇంజెక్షను చేస్తుండగానే మిషను సిద్ధం చేశాం. ఆయన బతికాడు. నీరసంగా ఉందని ఇంటి దగ్గరే పడుకుని ఉంటే తెల్లారి లేచేవాడు కాదు. పొటాషియంతో వచ్చిన చిక్కు ఇదే, కొందరికి ఆ నీరసం కూడా తెలియదు.

మన గోదావరి వంటల్లో పొటాషియం ఎక్కువున్నవే మనకు ఇష్టమైనవి. కంద బచ్చలి, పనసపొట్టు కూర, చేమదుంప వేపుడు, మునగాకు, తోటకూర, కొబ్బరి పచ్చడి, చక్కెరకేళి, మామిడిపండు, చింతపండు పులుసు. ఇవి లేకుండా ఏం వండాలని అమ్మగారు అడుగుతారు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, వంకాయ వండొచ్చు. ఏ కూరయినా చిన్న ముక్కలు కోసి, వేడినీళ్లు ఎక్కువగా పోసి రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి అవి కూడా వంచేసి తాలింపు పెడితే పొటాషియం చాలావరకు పోతుంది. రుచి కొంత తగ్గుతుంది, నిజమే. వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, నిమ్మరసం నాలుగు చుక్కలు తోడు పెట్టుకోవాలి. పండు కావాలంటే ఆపిల్ ముక్కో, అనాస ముక్కో. నక్షత్రంలా ఉండే కరంబోలా పండు మాత్రం ఒక్క ముక్క కూడా ముట్టకూడదు. అందులోని విషం కిడ్నీ పేషెంట్ల మెదడుకు ఎక్కి ఆగని ఎక్కిళ్లు, మూర్ఛలు తెప్పిస్తుంది, ప్రాణం కూడా తీస్తుంది. కొందరి పెరళ్లలో ఆ చెట్టు ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

షుగరు మనిషి కాబట్టి ఇంకో మాట. కిడ్నీ పోయాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పాత మోతాదే కొనసాగిస్తే అర్ధరాత్రి షుగరు పడిపోయి చెమటలు పడతాయి. మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడగండి. షుగరు పడితే బొండాం, పళ్లరసం ఇవ్వకుండా మూడు నాలుగు చెంచాల పంచదార నోట్లో వెయ్యండి.

నీళ్ల లెక్క. రోజుకు వచ్చే మూత్రం ఎంతో, దానికి అరలీటరు కలిపితే అంతే తాగాలి. అంటే 300 మిల్లీలీటర్లు వస్తుంటే 800. టీ, మజ్జిగ, చారు, మందులేసుకునే నీళ్లు అన్నీ అందులోనే. పొద్దున్నే ఆ నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టండి. టీ తాగితే టీ గ్లాసెడు నీళ్లు ఆ సీసాలోంచి తీసి పారబొయ్యండి. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. పెద్ద చెంబు తీసేసి చిన్న స్టీలు గ్లాసు పెట్టండి. ఐసుముక్క చప్పరించడం, చల్లటి నీళ్లు పుక్కిలించి ఊసెయ్యడం బాగా పనిచేస్తాయి.

కానీ ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమనడం మనిషిని హింస పెట్టడమే. దాహం ఉప్పు వల్ల పుడుతుంది. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయ, అప్పడం, ఎండుచేప, ఎండురొయ్యలు ఇంట్లో ఉన్నంతకాలం ఆ సీసా లెక్క నిలవదు. రోజంతటికీ ఒక చెంచా కంటే తక్కువ ఉప్పు, అంటే ఐదు గ్రాముల లోపు. కూర దించే ముందు ఆయన వాటా విడిగా తీసేసి, తర్వాత మిగతావాళ్లకు ఉప్పు వెయ్యమని అమ్మగారికి చెప్పండి. విడిగా రెండు వంటలు చెయ్యక్కర్లేదు. సైంధవ లవణం కూడా ఉప్పే, దానివల్ల ఒరిగేదేమీ లేదు. బీపీ ఉన్నవాళ్లకని అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పు అయితే మరీ ప్రమాదం, అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు.

రెండు డయాలసిస్‌ల మధ్య బరువు రెండు, రెండున్నర కిలోలకు మించి పెరగకూడదు. నాలుగైదు కిలోల నీటితో వస్తే అదంతా నాలుగు గంటల్లో లాగాలి. అంత వేగంగా లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతి వస్తుంది, ప్రతిసారీ గుండె కండరం కొంచెం దెబ్బతింటుంది. అప్పుడు పేషెంటే ‘తీసెయ్యండి, ఇంక నా వల్ల కాదు’ అని గంట ముందే దిగిపోతాడు. మిగిలిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, మళ్లీ వారం ఇంకా ఎక్కువతో వస్తాడు. డయాలసిస్ అంటే నరకమని ఊళ్లో చెప్పేవాళ్లలో చాలామంది ఇలా నాలుగైదు కిలోలతో వచ్చేవాళ్లే. కిలోన్నరతో వచ్చేవాళ్లు మిషను మీదే నిద్రపోతారు, లేచి బస్సెక్కి వెళ్లిపోతారు.

డ్రై వెయిట్ అని మా చీటీ మీద రాస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువన్నమాట. వాపు లేకుండా, పడుకుంటే ఆయాసం లేకుండా, బీపీ అదుపులో ఉన్నప్పటి బరువు. అది ఒకసారి రాసి వదిలేసేది కాదు. మొదటి రెండు మూడు నెలల్లో ఆకలి పుట్టి కండ పడితే పెంచాలి. జ్వరం వచ్చి చిక్కిపోతే తగ్గించాలి. తగ్గించకపోతే పోయిన కండ స్థానంలో నీరు చేరినా కాటా మీద పాత బరువే చూపిస్తుంది, అందరూ బాగుందనుకుంటారు, రాత్రికి ఆయాసంతో లేస్తాడు. నెలకొకసారి ‘డ్రై వెయిట్ సరిచూశారా’ అని అడగండి. అడిగే ఇంటివాళ్లంటే మాకు గౌరవం.

డయాలసిస్ మొదలవకముందు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమని చెప్పి ఉంటారు. ఇప్పుడు అది మారిపోయింది. మిషను ప్రతిసారీ కొంత మాంసకృత్తుల్ని కూడా లాక్కుపోతుంది. కిలో బరువుకు గ్రాము నుంచి గ్రాము పావు దాకా మాంసకృత్తులు రోజూ కావాలి. ఇంకా పాత పథ్యం పట్టుకుని చారన్నం తిని ఎండిపోతున్నవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గుడ్డు తెల్లసొన రెండు మూడు, పచ్చిచేప, కోడిమాంసం తినాలి. మన అదృష్టం, పచ్చిచేపకు ఇక్కడ కొదవ లేదు. ఎర్రనీరు వచ్చాక పులస దొరికితే ఒక ముక్క తిననివ్వండి, పులుసు మాత్రం పళ్లెంలోకి రానివ్వొద్దు, చింతపండూ ఉప్పూ అంతా అందులోనే ఉంటాయి. ఫాస్ఫరస్ తగ్గించే బిళ్లలు ఇచ్చి ఉంటే అవి భోజనం మధ్యలోనే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే అవి పట్టుకోవడానికి అక్కడ ఫాస్ఫరసే ఉండదు. రాత్రిళ్లు ఒళ్లంతా దురద అంటే ఈ బిళ్లలు తప్పుగా వేసుకోవడం కూడా ఒక కారణం కావచ్చు.

హెపటైటిస్ బి టీకా వేయించారా? డయాలసిస్ వాళ్లకు మామూలు మోతాదుకు రెట్టింపు, నాలుగుసార్లు వెయ్యాలి. రక్తం తగ్గితే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను, ఐరన్ సరిగ్గా పడుతున్నాయో చూడండి. అవి మానేసి తర్వాత రక్తం ఎక్కించుకోవడం మంచిది కాదు. రేపు కిడ్నీ మార్పిడి చేయించాలనుకుంటే, ఎక్కించిన రక్తం వల్ల పుట్టే యాంటీబాడీలు దాతతో పొసగకుండా చేస్తాయి.

వరదల సంగతి మీ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక దాటి లంకలన్నీ మునిగినప్పుడు, ఏటిగట్టు దాకా పడవ మీద రావాల్సిన పరిస్థితి. మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. పంటు అంతకుముందే ఆపేయవచ్చు. భద్రాచలంలో నీరు పెరుగుతోందని టీవీలో రాగానే నాన్నగారిని భీమవరంలోనో నరసాపురంలోనో చుట్టాలింటికి చేర్చెయ్యండి, నీరు దిగాక ఇంటికి రావొచ్చు. గ్రామ సచివాలయంలో, ఆశా వర్కరు దగ్గర ‘ఈ ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉన్నారు’ అని జూన్‌లోనే పేరు రాయించండి. రెండు వారాల మందులు, కాగితాల ఫైలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచండి. పొటాషియం తగ్గించే పొడి ఇంట్లో పెట్టుకోవచ్చా, ఎప్పుడు ఎంత వాడాలి అన్నది డాక్టరును ముందే అడిగి రాయించుకోండి. ఏ కారణంగానైనా ఒక డయాలసిస్ తప్పిందంటే ఆ క్షణం నుంచి నీళ్లు సగానికి తగ్గించి, పళ్లు, కాయగూరలు పూర్తిగా ఆపి, అన్నం, తెల్లసొన మీద నెట్టుకురావాలి.

పంటు దాటి వెళ్లలేని పరిస్థితి ఎక్కువైతే కడుపు ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ గురించి కూడా అడగండి. కడుపులో చిన్న గొట్టం వేస్తారు, రోజుకు మూడు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం నింపి కొన్ని గంటల తర్వాత వంచెయ్యాలి. సూదులుండవు, ప్రయాణం ఉండదు. కానీ ప్రతిసారీ చేతులు సబ్బుతో కడిగి, మాస్కు కట్టుకుని, తలుపులు, ఫ్యాను మూసి చెయ్యాలి. కాస్త అశ్రద్ధ చేసినా కడుపులో చీము పడుతుంది. అమ్మగారికి అంత ఓపిక, చూపు ఉన్నాయా అన్నది మీరే చెప్పగలరు.

డబ్బు విషయం. ఆరోగ్యశ్రీలో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న దాంట్లో, డయాలసిస్ ఉచితం. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను పట్టుకోండి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా చేస్తారు. డయాలసిస్ చేయించుకునేవారికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, దానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. రానుపోను ఖర్చు ఈ పింఛనులోంచే వెళ్తుంది చాలామందికి.

మీ కిడ్నీ ఇస్తానన్నారు, ఆయన వద్దంటున్నారని రాశారు. ఆయన వద్దనడం సహజం, ఏ తండ్రయినా అంటాడు. 58 ఏళ్లు మార్పిడికి అడ్డు కాదు, గుండె పరీక్షలు బాగుంటే చెయ్యవచ్చు, డయాలసిస్ కంటే మార్పిడితో బతుకు మెరుగు. భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు, తాతామనవలు దగ్గర బంధువులుగా చట్టం ఒప్పుకుంటుంది. మీకు, అమ్మగారికి బ్లడ్ గ్రూపు, షుగరు, బీపీ పరీక్షలు ముందు చేయించండి. తండ్రికి షుగరు ఉంది కాబట్టి మీకు అది వచ్చే అవకాశం ఎంతో డాక్టర్లు గట్టిగా చూస్తారు, చూడాలి కూడా. పరీక్షలు చేయించుకున్నంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, ఆపరేషను ముందురోజు కూడా కాదనే హక్కు మీకుంది. ఈలోగా మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా, చనిపోయినవారి అవయవాలు కావాల్సినవారికి అందేలా చూసే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో ఆయన పేరు నమోదు చేయించండి. ఎవరైనా కిడ్నీ కొనిపెడతామని ఫోన్ చేస్తే పెట్టెయ్యండి. 1994 చట్టం ప్రకారం కిడ్నీ కొన్నా అమ్మినా నేరమే, డబ్బుతో పాటు మనిషిని కూడా పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను.

అమ్మగారి గురించి ఒక్కమాట. డయాలసిస్ ఉన్న ఇంట్లో రెండో పేషెంటు భార్యే. ఆయన కోపం, చిరాకు, నిద్రలేమి, ‘నన్ను వదిలెయ్యండి’ అన్న మాటలు అన్నీ ఆవిడ మీదే పడతాయి. మిషను మీద కూర్చుని ఏడ్చే మగవాళ్లను చాలామందిని చూశాను, ఇంటికెళ్లి ఒక్కమాట చెప్పరు. ఆయన దిగులు ఎక్కువగా ఉందనిపిస్తే దానికీ మందుంది, డాక్టరుతో చెప్పండి. మీరు దూరంగా ఉన్నా ఒక పని చెయ్యగలరు. సోమ, గురువారాల్లో ఏదో ఒకరోజు తోడు వెళ్లడానికి బంధువుల కుర్రాణ్ణి ఏర్పాటు చేసి, ఆ పూట అమ్మగారిని ఇంట్లో పడుకోనివ్వండి. ఇక ఆయనను మంచానికి పరిమితం చెయ్యకండి. డయాలసిస్ లేని రోజుల్లో తోటలోకి వెళ్లనివ్వండి, కాయలు లెక్కపెట్టుకోనివ్వండి, ఒలుపు వాళ్లతో మాట్లాడుకోనివ్వండి. చెట్టు ఎక్కడం, ఎండలో గంటల తరబడి నిలబడటం మాత్రం వద్దు.

చివరగా, మీ దగ్గరికి హైదరాబాదు తెచ్చుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తెచ్చుకోవచ్చు. రెండు మూడు వారాల ముందే అక్కడ మీ ఇంటికి దగ్గర్లోని డయాలసిస్ సెంటరులో స్లాటు మాట్లాడుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఇక్కడి ఆరోగ్యమిత్రనూ, అక్కడి సెంటరునూ రెండింటినీ అడగండి, చెల్లకపోతే ఆ ఖర్చు చేతిలో ఉంచుకోండి. వాళ్లు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇటీవలివి కావాలంటారు. ఇక్కడి యూనిట్‌లో ఒక చీటీ రాయించుకోండి. అందులో డ్రై వెయిట్, ఎన్ని గంటలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత, రక్తాన్ని వడకట్టే డయలైజరు ఏ సైజు, గొట్టమా ఫిస్టులానా, చివరి మూడుసార్ల బీపీలు, ఏ మందు పడదు అన్నవి ఉండాలి. అడిగితే ఏ టెక్నీషియనైనా పది నిమిషాల్లో రాసిస్తాడు. ప్రయాణం డయాలసిస్ అయిన మర్నాడు పెట్టుకోండి, అంటే శుక్రవారం. సోమవారం అక్కడ మిషను ఖాయమైతేనే టికెట్టు తీయండి. రైల్లో పక్కవాళ్లు ఎంత ప్రేమగా ఇచ్చినా అరటిపండు తీసుకోవద్దని ముందే చెప్పి పంపండి.